ఇంటి కరెంటు, నీళ్ల ఖర్చు తగ్గించుకోవడం ఎలా: మీటరు నుంచి ఇంకుడు గుంత దాకా

కరెంటు ఆదా అనగానే ఇంట్లో మొదట వినపడే మాట "లైటు ఆర్పెయ్". 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు రోజుకు 10 గంటలు ఊరికే వెలిగినా నెలకు 2.7 యూనిట్లే అవుతుంది. అదే హాల్లో తిరిగే పాత ఫ్యాన్ ఒక్కదాన్ని మారిస్తే దాదాపు 19 యూనిట్లు మిగులుతాయి. లైటు ఆర్పొద్దని కాదు. కానీ పిల్లల్ని రోజూ లైటు కోసం కేకలేస్తూ, గీజర్ స్విచ్చి మధ్యాహ్నం దాకా వేసే ఉంచే ఇళ్లు చాలా ఉన్నాయి. డబ్బు ఎక్కడ పోతోందో ముందు లెక్క తేల్చుకుని, పెద్ద ఖర్చుల మీద పడితేనే బిల్లు కదులుతుంది. అందుకే ఇక్కడ వరుస బిల్లుతో మొదలవుతుంది.

మొదటి మెట్టు: మీ చివరి యూనిట్ ధర ఎంతో తెలుసుకోండి

బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగించి "యూనిట్ ఆరు రూపాయలు పడింది" అనుకుంటాం. ఆదా చేసేవాళ్లకు ఆ సగటు పనికిరాదు. మీరు తగ్గించేది ఎప్పుడూ పై స్లాబులో (వాడకం పెరిగేకొద్దీ ధర మారే మెట్టులో) ఉన్న యూనిట్లనే కాబట్టి వాటి ధర తెలియాలి.

తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన గృహ టారిఫ్ చూడండి. నెలకు 100 యూనిట్ల లోపు వాడేవాళ్లకు మొదటి 50 యూనిట్లు రూ.1.95 చొప్పున, తర్వాతి 50 రూ.3.10 చొప్పున. 100 దాటి 200 లోపు ఉంటే మొదటి 100 యూనిట్లకూ రూ.3.40, మిగతావాటికి రూ.4.80. 200 దాటితే మొదటి 200 యూనిట్లకూ రూ.5.10, ఆపైన 300 దాకా రూ.7.70, 400 దాకా రూ.9, 800 దాకా రూ.9.50, ఆ తర్వాత రూ.10. అంటే గీత దాటినప్పుడు పై యూనిట్లకే కాక కింది యూనిట్లకూ ధర పెరుగుతుంది.

లెక్క వేస్తే విషయం తెలుస్తుంది. సరిగ్గా 200 యూనిట్లు కాలిస్తే ఎనర్జీ చార్జీ రూ.820. 201 కాలిస్తే రూ.1,027.70. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయలన్నమాట. 230 యూనిట్లు వాడే ఇల్లు 195కి దిగితే రూ.1,251 కాస్తా రూ.796 అవుతుంది. 35 యూనిట్లకు రూ.455 మిగిలింది. ఫిక్స్‌డ్, కస్టమర్ చార్జీల లాంటివి వీటికి అదనం. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తున్న ఇళ్లకు ఈ గీత ఇంకా ముఖ్యం. 200 దాటిన నెల బిల్లు మొత్తం మీ మీదే పడుతుంది.

ఆంధ్రప్రదేశ్ లెక్క వేరు. అక్కడ 2022 టారిఫ్ ప్రకారం అందరికీ ఒకే మెట్ల వరుస: 30 యూనిట్ల దాకా రూ.1.90, 75 దాకా రూ.3, 125 దాకా రూ.4.50, 225 దాకా రూ.6, 400 దాకా రూ.8.75, ఆపైన రూ.9.75. గీత దాటినా కింది యూనిట్ల ధర మారదు కాబట్టి హఠాత్తుగా దెబ్బ తగలదు. అయినా పైనుంచి తగ్గించేదే ఖరీదైన భాగం. 300 యూనిట్లకు ఎనర్జీ చార్జీ రూ.1,673. 40 యూనిట్లు తగ్గించి 260కి తెస్తే రూ.1,323. వాడకం 13 శాతం తగ్గితే డబ్బు 21 శాతం తగ్గింది. ట్రూ అప్ (పాత ఏడాదుల లోటును కరెంటు సంస్థలు తర్వాత వసూలు చేసేది), ఇంధన సర్దుబాటు చార్జీలు ఎలాగూ తప్పవు, అవి మన చేతిలో లేవు.

టారిఫ్‌లు మారుతుంటాయి కనుక మీ తాజా బిల్లులోని స్లాబుల వివరాలు ఒకసారి చదవండి. మీరు ఏ గీతకు దగ్గర్లో ఉన్నారో, దాని కిందికి రావడానికి ఎన్ని యూనిట్లు తగ్గాలో ఒక కాగితం మీద రాసుకోండి. ఇక మీదట మీ లక్ష్యం ఆ అంకే.

రెండో మెట్టు: వారానికోసారి మీటరు చూడండి

బిల్లు వచ్చాక లబోదిబోమనడం వల్ల లాభం లేదు, నెల అప్పటికే అయిపోయింది. రీడింగ్ తీసిన రోజు అంకెను ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుని, ప్రతి ఆదివారం మళ్లీ చూడండి. 200 లోపు ఉండాలంటే రోజుకు ఆరున్నర యూనిట్లు, వారానికి 46. రెండో ఆదివారానికే 110 దాటితే మిగతా సగంలో ఏసీ గంటలు తగ్గించుకోవచ్చు. మీటరు తెరపై అంకెలు మారుతూ వస్తుంటాయి, వాటిలో కేడబ్ల్యూహెచ్ (kWh, అంటే యూనిట్లు) అని వచ్చేదే మీకు కావలసింది.

మీటరు మీద ఎర్రగా మిణుకుమనే చిన్న లైటు ఉంటుంది. పక్కనే "3200 ఇంప్/కేడబ్ల్యూహెచ్" లాంటి అంకె రాసి ఉంటుంది. అంటే అది 3200 సార్లు మిణుక్కుమంటే ఒక యూనిట్ తిరిగినట్టు. దీంతో ఏ వస్తువు ఎంత లాగుతోందో ఇంట్లోనే కొలవచ్చు. ఒక నిమిషంలో ఎన్నిసార్లు మిణుక్కుమందో లెక్కపెట్టి, 60తో గుణించి, ఆ మీటరు అంకెతో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. నిమిషానికి 16 సార్లయితే 960ని 3200తో భాగించాలి. 0.3 కిలోవాట్, అంటే 300 వాట్లు.

ఇప్పుడు ఇంట్లో అన్నీ ఆపేసి, ఫ్రిజ్ ప్లగ్ కూడా తీసి చూడండి. అప్పటికీ లైటు మిణుకుమంటుంటే ఏదో ఒకటి తాగుతోంది. సెట్‌టాప్ బాక్స్, వైఫై రౌటర్, ఇన్వర్టర్ ఈ జాబితాలో ముందుంటాయి. టీవీ ఆపినా సెట్‌టాప్ బాక్స్ ఆగదు. అది 10 వాట్లు లాగుతుంటే రోజంతా కలిపి నెలకు 7 యూనిట్లు. ఇన్వర్టర్ బ్యాటరీ ముసలిదైతే ఎంత చార్జింగ్ పెట్టినా తృప్తి పడదు, ఆ కరెంటు వేడిగా పోతుంది. ఇవన్నీ తీసేశాక కూడా మిణుకుతుంటే వైరింగ్‌లో లీకేజీ ఉండొచ్చు, లేదా పక్క పోర్షన్ లైను మీ మీటరుకు కలిసి ఉండొచ్చు. అద్దె ఇళ్లలో రెండోది అరుదేం కాదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించండి. లీకేజీ అయితే డబ్బు కంటే ముందు షాక్ భయం.

మూడో మెట్టు: వాట్లు, గంటలు

ఒక నోటుబుక్కులో ప్రతి వస్తువుకూ వాట్లు, రోజుకు ఎన్ని గంటలు అని రాయండి. రెంటినీ గుణించి 1000తో భాగిస్తే రోజుకు యూనిట్లు. వాట్లు వస్తువు వెనక స్టిక్కర్ మీద ఉంటాయి. ఈ పట్టిక పూర్తయ్యేసరికి చాలా ఇళ్లలో తేలేది ఒకటే: వేసవిలో ఏసీ, ఫ్యాన్లు, ఫ్రిజ్, చలికాలంలో గీజర్, ఏడాదంతా నీళ్ల మోటారు. మిక్సీ 500 వాట్లయినా రోజుకు పది నిమిషాలే, దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు. ఇస్త్రీ పెట్టె కూడా అంతే, వారానికోసారి కూర్చుని అన్నీ ఒకేసారి చేసుకుంటే చాలు.

నాలుగో మెట్టు: ఫ్యాన్లు

నా ఉద్దేశంలో మన ఇళ్లలో ముందుగా డబ్బు పెట్టాల్సింది ఇక్కడే. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్ల చుట్టూ లాగుతుంది. బీఎల్‌డీసీ ఫ్యాన్ (బ్రష్‌లు లేని డీసీ మోటారుతో తిరిగేది) అదే గాలికి 30 వాట్ల చుట్టూ. రోజుకు 14 గంటలు తిరిగే ఫ్యాన్ మీద తేడా నెలకు 19 యూనిట్లు. తెలంగాణలో రూ.4.80 స్లాబులో ఉంటే నెలకు రూ.90, రూ.7.70 స్లాబులో ఉంటే రూ.145. ఫ్యాన్ ఖరీదు సుమారు మూడు వేలు అనుకుంటే రెండు మూడేళ్లలో తిరిగి వచ్చేస్తుంది. రెండు ఫ్యాన్లు మార్చడంతో 200 గీత కిందికి వస్తే ఇంకా ముందే.

ఇల్లంతా ఒకేసారి మార్చొద్దు. రాత్రి పడుకునే గదులు, హాలు చాలు. చుట్టాలొస్తే తప్ప తిరగని గది ఫ్యాన్‌కు మూడు వేలు పెట్టడం వృథా. బిగించేటప్పుడు గోడ మీది పాత రెగ్యులేటర్‌ను లైన్లోంచి తీయించండి. బీఎల్‌డీసీ ఫ్యాన్లో స్పీడు మార్చేది రిమోట్, మధ్యలో రెగ్యులేటర్ ఉంటే లోపలి సర్క్యూట్ పాడవుతుంది. కొనేటప్పుడు బీఈఈ (కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ) స్టార్ లేబుల్ చూడండి, 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు కూడా అది తప్పనిసరి. పాత ఫ్యానే ఉంచుకునేవాళ్లు కనీసం పెద్ద డబ్బాలాంటి పాతకాలపు రెగ్యులేటర్ తీసేసి ఎలక్ట్రానిక్‌ది పెట్టించుకోండి. పాతది స్పీడు తగ్గించినప్పుడు మిగిలిన కరెంటును వేడిగా వదిలేస్తుంది.

ఐదో మెట్టు: ఏసీ, కూలర్, పైకప్పు

ఏసీ వేయగానే 18 పెట్టేవాళ్లు "తొందరగా చల్లబడుతుంది" అంటారు. తొందరగా చల్లబడదు. 26 పెట్టినా మొదటి పది నిమిషాలు కంప్రెసర్ పనిచేసేది అంతే వేగంతో, 18 పెడితే ఆగకుండా నడుస్తూ ఉంటుందంతే. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని బీఈఈ చెబుతోంది. 2020 జనవరి నుంచి అమ్మే ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గర మొదలయ్యేలా నిబంధన పెట్టింది కూడా అందుకే. 26 పెట్టి, పైన ఫ్యాన్ రెండో నంబరులో తిప్పితే 24 పెట్టినంత హాయిగానే ఉంటుంది. బీఎల్‌డీసీ ఫ్యాన్ అయితే దానికయ్యే ఖర్చు లెక్కలోకే రాదు. తెల్లవారుజామున మూడింటికి ఏసీ ఆగిపోయేలా టైమర్ పెట్టండి, గది ఆరింటి దాకా చల్లగానే ఉంటుంది.

కొత్తది కొనేవాళ్లకు లేబుల్ చదివే కిటుకు: దాని మీద రాసిన ఏడాది యూనిట్లు 1600 గంటలకు వేసిన లెక్క. లేబుల్ మీద 960 ఉంటే గంటకు 0.6 యూనిట్లన్నమాట. ఆ లెక్క 24 నుంచి 43 డిగ్రీల దాకా రకరకాల ఎండలకు కలిపి తీసిన సగటు కాబట్టి, మే నెల మధ్యాహ్నం రామగుండంలోనో రెంటచింతలలోనో అంతకంటే ఎక్కువే కాలుతుంది. ఏసీ నెల రోజులు మాత్రమే వేసే ఇంటికి 5 స్టార్ కోసం పది వేలు అదనంగా పోయడం దండగ, 3 స్టార్ చాలు. ఏడాదిలో ఐదారు నెలలు రాత్రంతా నడిపేవాళ్లయితే 5 స్టార్ ఇన్వర్టర్ ఏసీ తీసుకోండి. ఏదైనా ఫిల్టర్ రెండు వారాలకోసారి విప్పి కడగాలి. దీనికి మెకానిక్ అక్కర్లేదు, బాత్‌రూమ్‌లో కుళాయి కింద పెడితే దుమ్మంతా పోతుంది.

కూలర్ సంగతి మీ ఊరిని బట్టి ఉంటుంది. హైదరాబాద్, కరీంనగర్, కర్నూలు, అనంతపురం లాంటి పొడి ఎండల్లో 150 నుంచి 200 వాట్ల కూలర్ బాగా పనిచేస్తుంది, ఏసీ ఖర్చులో చిన్న వాటాతో గడిచిపోతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం ఉక్కపోతలో అదే కూలర్ గదిని ఇంకా జిడ్డు చేస్తుంది. పైగా కూలర్ గంటకు కొన్ని లీటర్ల నీళ్లు తాగుతుంది. ట్యాంకర్ కొనుక్కునే ఇంట్లో ఆ లెక్క కూడా వేసుకోవాలి. కిటికీ బయట పెట్టి, ఎదురుగా ఇంకో కిటికీ కొంచెం తెరిస్తేనే దాని గాలి గాలిలా ఉంటుంది.

పైఅంతస్తులో ఉండేవాళ్లు ఏసీ స్టార్ల కంటే ముందు పైకప్పు మీద దృష్టి పెట్టాలి. రోజంతా ఎండ తాగిన కాంక్రీటు రాత్రి పదకొండు దాకా ఆ వేడిని గదిలోకి వదులుతూనే ఉంటుంది. మార్చి మొదట్లోనే డాబా శుభ్రంగా కడిగి, ఎండను వెనక్కి కొట్టే తెల్లటి కూల్ రూఫ్ పెయింటు రెండు కోట్లు వేయిస్తే లోపల రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసమే ప్రత్యేకంగా కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. అంత ఖర్చు వద్దనుకుంటే సున్నంలో ఫెవికాల్ లాంటి జిగురు కలిపి వేయించండి. ఒక వాన పడితే పలచబడుతుంది గానీ ఎండాకాలం గడుస్తుంది. పడమటి కిటికీలకు లోపల కర్టెన్ కంటే బయట వట్టివేళ్ల తడికో, గ్రీన్ నెట్టో కట్టడం మేలు. ఎండను అద్దం దాటకముందే ఆపాలి.

ఆరో మెట్టు: గీజర్, ఫ్రిజ్

నీళ్లు కాచడం దగ్గర మోసం లేదు. 20 లీటర్ల బక్కెట్‌ను 25 డిగ్రీల నుంచి 40కి తేవాలంటే 0.35 యూనిట్ కావాలి. గీజర్‌లో కాచినా, హీటర్ రాడ్‌తో కాచినా అంతే. "రాడ్ కరెంటు తినేస్తుంది" అనేది అపోహ. రాడ్‌తో అసలు ప్రమాదం వేరే. స్విచ్చి వేసి ఉండగా నీళ్లలో వేలు పెట్టి వేడి చూడడం వల్ల ఏటా ప్రాణాలు పోతున్నాయి. ప్లగ్ తీశాకే ముట్టుకోవాలి.

అసలు తేడా వచ్చేది స్నానం చేసే తీరులో. షవర్ నిమిషానికి 10 లీటర్లు పోస్తే పది నిమిషాల స్నానానికి 100 లీటర్లు, అంటే దాదాపు 1.75 యూనిట్లు. బక్కెట్, మగ్గు అయితే ఐదో వంతు. నలుగురున్న ఇంట్లో షవర్‌కూ బక్కెట్‌కూ తేడా రోజుకు ఐదున్నర యూనిట్లు, 320 లీటర్ల నీళ్లు. చలికాలంలో బిల్లు ఎందుకు తగ్గట్లేదని అడిగేవాళ్లలో సగం మందికి జవాబు ఇదే.

15 లీటర్ల, 2000 వాట్ల గీజర్ 25 డిగ్రీల నీళ్లను 60కి తేవడానికి 20 నిమిషాలు చాలు. స్నానానికి 20 నిమిషాల ముందు వేసి, అందరూ వరుసగా కానిచ్చి, ఆపేయండి. డయల్ 50 దగ్గర పెట్టండి. 65 డిగ్రీల్లో కాచి, మళ్లీ చల్లనీళ్లు కలుపుకోవడం ఎందుకు? బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఇళ్లలో గీజర్ లోపల ఎలిమెంట్ మీద తెల్లటి పెచ్చు కడుతుంది. ఏడాదికోసారి విప్పి శుభ్రం చేయించకపోతే నీళ్లు ఆలస్యంగా కాగుతాయి, చివరికి ఎలిమెంట్ కాలిపోతుంది.

ఫ్రిజ్ గురించి రెండు మాటలు. తలుపు మధ్యలో పది రూపాయల నోటు పెట్టి మూసి లాగండి. సులువుగా వచ్చేస్తే రబ్బరు గాస్కెట్ వదులైంది, మార్చాలి. వెనక గోడకు జానెడు దూరం ఉంచండి. పదిహేనేళ్ల నాటి ఫ్రిజ్ అయితే దాన్ని ఒక్కదాన్నే నడిపించి మీటరు మిణుకులు లెక్కపెట్టండి. కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంటే దాని ఆయువు తీరినట్టే. కొత్తది కొన్నాక పాతదాన్ని నీళ్ల సీసాల కోసం బాల్కనీలో నడపడం మొదలుపెడితే మాత్రం కొన్న ఫలితం పోతుంది.

వాషింగ్ మెషీన్లో కరెంటు ఎక్కువగా ఖర్చయ్యేది నీళ్లు కాచడానికే. ఫ్రంట్ లోడ్ మెషీన్లు తమంతట తామే 40 డిగ్రీలు పెట్టేస్తాయి, చల్లనీళ్లకు మార్చండి. మన ఎండలకు డ్రయర్ అవసరమే లేదు.

ఇక "ప్లగ్గులో పెడితే బిల్లు సగం" అని అమ్మే పవర్ సేవర్ డబ్బాల సంగతి. వాటిలో ఉండేది ఒక కెపాసిటర్, ఒక చిన్న లైటు. ఇంటి మీటరు లెక్కించేది మనం నిజంగా వాడిన యూనిట్లనే కాబట్టి కెపాసిటర్ వల్ల పైసా తగ్గదు. ఆ లైటు ఖర్చు అదనం.

ఏడో మెట్టు: నీళ్ల లెక్క, మోటారు లెక్క

పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లన్నది ప్రభుత్వ ప్రమాణం. నలుగురికి 540, నెలకు 16,200 లీటర్లు. హైదరాబాద్‌లో జలమండలి ఇంటికి నెలకు ఉచితంగా ఇచ్చేది 20,000 లీటర్లు కనుక, నల్లాకు మీటరు పెట్టుకుని పొదుపుగా వాడే కుటుంబానికి అది సరిపోవాలి. సరిపోవట్లేదంటే ఎక్కడో కారుతోంది. మీటరు లేనివాళ్లు ట్యాంకుతో కొలవండి: 1000 లీటర్ల సింటెక్స్ నిండుగా ఉన్నప్పుడు ట్యాంకులోకి నీళ్లు వచ్చే వాల్వ్ కట్టేసి, 24 గంటల్లో ఎంత దిగిందో చూడండి.

నీళ్లు వృథా అయితే కరెంటు కూడా వృథా అయినట్టే, ఎందుకంటే ప్రతి బక్కెట్టునూ మోటారే పైకి ఎక్కించాలి. 1 హెచ్‌పీ మోటారు గంటకు సుమారు ఒక యూనిట్ తాగుతుంది. బోర్లలో దింపే పెద్ద సబ్‌మెర్సిబుల్ అయితే ఇంకా ఎక్కువ. ట్యాంకు నిండి డాబా మీంచి కారుతుంటే వీధంతా చూస్తుంది గానీ మోటారు వేసినవాళ్లకు తెలియదు. వాటర్ లెవెల్ కంట్రోలర్ ఒకటి బిగిస్తే ఆ గొడవ ఉండదు, సంపులో నీళ్లు అయిపోయినప్పుడు మోటారు ఎండి కాలిపోకుండా కూడా కాపాడుతుంది.

ఇంకో పని చేయండి. ఖాళీ ట్యాంకు నిండడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో గోడ మీద రాసిపెట్టండి. అప్పుడు 25 నిమిషాలు పట్టింది ఇప్పుడు 40 పడుతోందంటే ఫుట్ వాల్వ్ (సంపులో పైపు చివర ఉండేది) లీకవుతోంది, లేదా సక్షన్ పైపు గాలి లాగుతోంది, లేదా ఇంపెల్లర్ (లోపల నీళ్లను తోసే చక్రం) అరిగింది. బోరయితే నీటిమట్టం పడిపోయి ఉండొచ్చు. బిల్లులో తెలియకముందే ఇక్కడ తెలుస్తుంది.

ఎనిమిదో మెట్టు: కారేవి, పారేవి

బొట్టుబొట్టుగా కారే కుళాయి కింద పావు లీటరు గ్లాసు పెట్టండి. పావుగంటలో నిండితే రోజుకు 24 లీటర్లు, నెలకు 720. వాషర్ ఖరీదు పది ఇరవై రూపాయలు. టాయిలెట్ లీకు మాత్రం కంటికి కనపడదు, చప్పుడూ చేయదు. రాత్రి పడుకునే ముందు ఫ్లష్ ట్యాంకులో కొంచెం ఫుడ్ కలర్ వేసి, ఫ్లష్ కొట్టకుండా వదిలేయండి. తెల్లారి కమోడ్‌లో రంగు కనిపిస్తే లోపలి రబ్బరు పోయినట్టు.

పాత ఫ్లష్ ట్యాంకు ఒక్కసారికి 10 లీటర్లు వదులుతుంది. నలుగురు రోజుకు ఐదుసార్లు చొప్పున నొక్కితే 200 లీటర్లు. 3, 6 లీటర్ల రెండు బటన్ల ట్యాంకు పెట్టి, ఒక్కొక్కరు పెద్ద బటన్ ఒకసారి, చిన్నది నాలుగుసార్లు నొక్కితే 72తో సరిపోతుంది. మార్చే వీలు లేకపోతే లీటరు సీసాలో నీళ్లు నింపి, మూత బిగించి పాత ట్యాంకులో పెట్టండి. ఇటుక పెట్టమని కొందరు చెబుతారు, వద్దు. అది నానిపోయి రాలిన మట్టి వాల్వ్‌లో ఇరుక్కుంటుంది.

సింకు, వాష్‌బేసిన్ కుళాయిలకు ఏరేటర్ (ధారలో గాలి కలిపే చిన్న జల్లెడ మూత) బిగిస్తే ధార తగ్గినట్టు తెలియకుండానే నీళ్లు సగానికి తగ్గుతాయి. బక్కెట్ నింపే కుళాయికి మాత్రం పెట్టకండి. అక్కడ ఎలాగూ బక్కెట్టెడు నీళ్లే కావాలి, నిండడం ఆలస్యమవుతుందంతే. బోరు నీళ్ల ఉప్పుకు ఏరేటర్ జల్లెడ మూసుకుపోతుంటుంది. నెలకోసారి విప్పి నిమ్మరసంలో నానబెడితే సరి. గిన్నెలు కుళాయి వదిలేసి తోముతుంటే పది నిమిషాల్లో 100 లీటర్లు పోతాయి. ఒక టబ్బులో నానబెట్టి తోమి, చివర్లో ఒక్కసారి ధార కింద కడగండి. పనిమనిషికి ఇది చెప్పాలంటే ముందు టబ్బు కొనివ్వాలి మరి.

ఆర్‌ఓ దగ్గర వృథా నేరుగా పైపులోంచి పోతుంది. ఒక లీటరు మంచినీళ్లకు రెండు మూడు లీటర్లు బయటికి పంపే యంత్రాలు చాలా ఉన్నాయి. కాబట్టి ముందు అసలు మీకు ఆర్‌ఓ కావాలా అని చూసుకోండి. తాగునీటికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పెట్టిన టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) హద్దు లీటరుకు 500 మిల్లీగ్రాములు. చౌకగా దొరికే టీడీఎస్ మీటరుతో కొలిచినప్పుడు మీ నల్లా నీళ్లు అంతకంటే తక్కువ చూపిస్తే సాధారణంగా యూవీ, యూఎఫ్ ఫిల్టర్ చాలు. ఫ్లోరైడ్ సమస్య ఉన్న ప్రాంతాల్లో, బోరు మీదే ఆధారపడిన చోట మాత్రం టీడీఎస్ ఒక్కటే చూసి తేల్చకుండా నీళ్లు ల్యాబులో పరీక్ష చేయించాలి. ఆర్‌ఓ ఉన్న ఇంట్లో బయటికొచ్చే నీళ్లను డబ్బాలో పట్టి ఇల్లు తుడవడానికి, టాయిలెట్‌కు వాడండి. మొక్కలకు రోజూ పోస్తే ఉప్పు పేరుకుని చస్తాయి, వాటికి బియ్యం కడిగిన నీళ్లు, ఏసీ పైపు నీళ్లు మంచివి.

తొమ్మిదో మెట్టు: వాన నీళ్లు

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 100 గజాల డాబా అంటే సుమారు 83 చదరపు మీటర్లు. హైదరాబాద్‌లో ఏడాదికి 800 మిల్లీమీటర్ల చుట్టూ కురుస్తుంది. ఆవిరయ్యేది, చిందిపోయేది తీసేసి 80 శాతం పట్టుకున్నా 53,000 లీటర్లు, 5,000 లీటర్ల ట్యాంకర్లు పదికి పైనే.

సంపు ఉన్నవాళ్లు డాబా పైపుకు ఫిల్టర్ పెట్టి సంపులోకి మళ్లించుకుంటే వెంటనే వాడకానికి వస్తుంది. మొదటి వాన నీళ్లు మాత్రం బయటికి వదిలేయాలి, డాబా మీది దుమ్ము, పావురాల రెట్ట అంతా అందులోనే ఉంటుంది. సంపు పొంగాక వచ్చే నీళ్లకు ఇంకుడు గుంత. నల్లరేగడి నేలలో పైపైన తవ్వితే నీళ్లు నిలిచిపోతాయి తప్ప ఇంకవు, మొరం తగిలేదాకా వెళ్లాలి. అడుగున పెద్ద రాళ్లు, పైన 40 ఎంఎం కంకర, దానిపైన 20 ఎంఎం, చివర ఇసుక. ఏటా వానాకాలానికి ముందు పై ఇసుక తీసి కడగాలి, లేకపోతే మూడో ఏడాదికి అది చెత్తకుండీ అవుతుంది. సెప్టిక్ ట్యాంకుకు దూరంగా, బోరుకు దగ్గరగా తవ్వించండి.

డబ్బు ఏ వరుసలో పెట్టాలి

ఐదు వందల లోపు ఉంటే వాషర్లు, ఏరేటర్లు, ఫ్లష్ రబ్బరు. రెండు మూడు వేలుంటే లెవెల్ కంట్రోలర్, ఎక్కువ తిరిగే ఒక ఫ్యాన్. ఇంకొంచెం ఉంటే మిగతా ఫ్యాన్లు, డాబా పెయింటు. ఆ తర్వాతే ఫ్రిజ్, ఏసీ మార్పిడి. గ్యాస్ మీద ఆదాకు పైసా ఖర్చు లేదు: పప్పు గంట ముందు నానబెట్టడం, కుక్కర్ కూతకు రాగానే మంట తగ్గించడం, మంట పసుపుగా వస్తుంటే బర్నర్ శుభ్రం చేసుకోవడం.

సోలార్ అన్నిటికంటే చివర. ముందు వాడకం తగ్గిస్తే 3 కిలోవాట్లు కావాల్సిన ఇంటికి 2 సరిపోతుంది. ఒక కిలోవాట్ ప్యానెల్‌కు నీడ పడని డాబా సుమారు 100 చదరపు అడుగులు కావాలి, రోజుకు నాలుగు యూనిట్ల చుట్టూ ఇస్తుంది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి రూ.30,000, మూడోదానికి రూ.18,000, మొత్తం గరిష్ఠంగా రూ.78,000 కేంద్ర సబ్సిడీ ఉంది. జీరో బిల్లు వస్తున్న ఇంటికి దీనివల్ల ఇప్పట్లో లాభం లేదు. నెలకు 300 యూనిట్లు దాటే సొంతింటివాళ్లకు మాత్రం బాగా గిట్టుబాటవుతుంది. సంతకం పెట్టే ముందు ప్యానెళ్ల మీద పక్క మేడ నీడ ఏ గంటల్లో పడుతుందో డిసెంబరు ఎండలో ఒకసారి చూసుకోండి, అప్పుడు సూర్యుడు దక్షిణానికి బాగా వాలి ఉంటాడు, వేసవిలో కనపడని నీడలు అప్పుడు కనపడతాయి. ప్యానెళ్లు కడగడానికి డాబా మీద ఒక కుళాయి కూడా ముందే పెట్టించండి.